కుర్చీలో అన్న మాట

స్వరూప కోపం ఆమె కంటే ముందే నిద్ర లేస్తుంది. సిద్దిపేటలో ఆమె కిరాయికి ఉండే ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగకముందే అది పొంగుతుంది. ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ చేతిలో పట్టుకుని, నారాయణరావుపేట వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే అది కూడా ఒదిగి పక్కనే కూర్చుంటుంది. బయట మక్కచేలు వానకు తడిసి నిలబడి ఉంటాయి. కాలువ నీళ్ళు ఆకాశాన్ని ముక్కలు చేసి మోసుకుపోతుంటాయి. స్వరూప వాటిని చూస్తుంది. చూసి మెత్తబడదు.

నలభై దాటిన మనిషి. ఆ దారిలో ఒక ఊరి హైస్కూల్లో తెలుగు చెబుతుంది. పిల్లలు చాటుగా ఆమెను మిరపకాయ టీచర్ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒకరోజు ఎవరో నల్లబల్ల మీద మిరపకాయ బొమ్మ వేసి పారిపోతే, తొడిమ సరిగా రాలేదని సుద్దముక్క తీసుకుని తానే దిద్దింది. తరగతి అంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

పిల్లల అల్లరి ఆమెకు కోపం తెప్పించదు. ప్రశ్న పూర్తిగా వినకముందే జవాబు చెప్పే పిల్లలు తెప్పిస్తారు. గైడు పుస్తకంలోంచి తీసి, చద్దిమూటలా నాలుక కింద దాచుకుని వచ్చిన జవాబు. "ఈ కథ వలన మనం తెలుసుకున్నదేమి?" అని అడిగితే చాలు, "మూగజీవులను ప్రేమించవలెను" అని తరగతి మొత్తం ఒకే గొంతుతో అంటుంది. అలా అన్న పిల్లలే బయటికి పోయి కుక్కను రాయితో కొడతారు. అలాంటప్పుడు ఆమె పుస్తకం టప్పున మూసేది. ఆ చప్పుడుకు పక్క తరగతిలో లెక్కలు ఆగిపోయేవి.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో, బడి గ్రంథాలయం బీరువాలో ఆమెకు ఒక పలుచని పిల్లల నవల దొరికింది. అది ఒక కుంటి మేకపిల్ల కథ. రాజి అనే అమ్మాయి దాన్ని సాకుతుంది. రాజికి జ్వరం వచ్చినప్పుడు ఆమె నాయనమ్మ బాలవ్వ ఆ మేకనే పోచమ్మకు మొక్కుకుంటుంది. బోనాల నాటి పొద్దున రాజి తాడు విప్పి, మేకను తీసుకుని ఊరు దాటిపోతుంది. చివరి పేజీలో బాలవ్వ చేతిలో పసుపుతో, ఖాళీ గుంజ ముందు నిలబడి ఉంటుంది. అంతే. మేక బతికిందో లేదో రాసినవాళ్ళు చెప్పలేదు.

"మిగిలిన పేజీలు చినిగిపోయినయా టీచర్?" అని అడిగాడు ఎనిమిదో తరగతి వివేక్, ఆమె చదివి వినిపించడం అయ్యాక.

"లేదురా. మిగిలింది మీ దగ్గర ఉన్నది."

ఎనిమిదో తరగతికి వారానికి ఉన్న ఒక్క గ్రంథాలయం పీరియడ్‌లో ఆమె ఆ నవల చదివి వినిపించింది. తర్వాత బల్లలన్నీ గోడలకు జరిపించి, నేల మీద సుద్దతో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీత గీసింది. బాలవ్వది తప్పు అనేవాళ్ళు కిటికీ వైపు, కాదనేవాళ్ళు తలుపు వైపు నిలబడాలి. ఎవరినీ చెయ్యి పట్టి లాగకూడదు. మనసు మారితే గీత దాటొచ్చు. కానీ నిలబడిన ప్రతివాళ్ళూ 'ఎందుకంటే' అని మొదలుపెట్టి కారణం చెప్పాలి.

మొదటిరోజు తరగతి తరగతంతా కిటికీ వైపు పోయింది.

"నువ్వెందుకు అటు పోయినవ్‌రా వివేక్?"

"గాలొస్తది టీచర్."

"గీత మీద నిలబడు. కారణం దొరికినంక కదులు."

వాడు ఒంటికాలి కొంగలా గీత మీద నిలబడ్డాడు. అప్పుడు కన్యక అనే అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పనిది, గీత దాటి తలుపు వైపు వచ్చింది. "ఎందుకంటే, రాజి బతకాలనే కదా బాలవ్వ మొక్కింది. పిల్ల మీద ప్రేమకు మొక్కితే తప్పెట్లయితది?" అంది. కిటికీ వైపు గుంపు కదిలింది. ఎవరో "మరి మేకకు ప్రేమ లేదా?" అన్నారు. ఇంకెవరో "మేకకూర తిననోళ్ళు చేతులెత్తుండ్రి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. గది నిండా నవ్వు. ఆ నవ్వు అణగిపోయాక వచ్చిన నిశ్శబ్దం చెరువులో రాయి మునిగిన తర్వాతి నీటిలా ఉంది. ఆ కాసేపూ స్వరూప కోపం ఎక్కడికో పోయింది.

గీత తర్వాత కుర్చీ వచ్చింది. ఒక చెయ్యి విరిగిన పాత చెక్క కుర్చీని గది మధ్యలో వేసేది. అందులో కూర్చున్న పిల్ల నవలలోని మనిషి అయిపోవాలి. మిగిలినవాళ్ళు అడగాలి, కూర్చున్న మనిషి జవాబు చెప్పాలి. మొదట వివేక్ కూర్చున్నాడు, మేకను కొయ్యాల్సిన కటిక మనిషిగా. బాగానే చెప్పాడు. అయితే అన్నం బెల్లు కొట్టాక పిల్లలు వాణ్ణి కటికోడా కటికోడా అని తరిమారు. వాడు కంచం విసిరాడు. లడాయి అయింది. స్వరూప వరండాలోకి వచ్చి అరిచిన అరుపుకు కాకులు లేచిపోయాయి.

"కుర్చీల అన్న మాట కుర్చీది. లేచినంక ఆ మనిషిని ఆ మాట ఎవలన్న అడిగిన్రా, తోలు తీస్త!"

ఆ రోజు నుంచి అది తరగతి కట్టుబాటయింది.

తర్వాతి వారం బాలవ్వగా కూర్చోవడానికి వర్షిత లేచింది. సన్నటి పిల్ల. కూలికి ట్రాక్టర్ నడిపే హన్మంతు కూతురు. ఆమె నాయనమ్మ కిష్టవ్వ ఆ ఊరి శివసత్తి. బోనాలప్పుడు కిష్టవ్వ మీదికి పోచమ్మ వస్తుంది. దాన్ని అక్కడ సిగం అంటారు. కిష్టవ్వ సిగం ఊగుతుంటే ఊరంతా చేతులు జోడించి అడుగుతుంది, ఆ నోటితో తల్లి జవాబు చెబుతుంది. ఈ సంగతులన్నీ స్వరూపకు తెలుసు. తెలిసినవి కూడా కొన్నిసార్లు మనిషి వెనక నిలబడతాయి, కళ్ళ ముందుకు రావు.

కన్యక అడిగింది. "బాలవ్వా, మేకనే ఎందుకు మొక్కినవ్?"

"తల్లి అడిగింది బిడ్డా."

"ఎప్పుడడిగింది? ఏమని అడిగింది?"

వర్షిత తడబడింది. నవలలో ఆ జవాబు లేదు. "అడిగింది" అంది మళ్ళీ. "అబద్ధం, అబద్ధం" అన్నారు పిల్లలు. అప్పుడు వివేక్ అన్నాడు, "బాలవ్వ ఎందుకు నడిమిట్ల? తల్లినే పిలువు. ఆమెనే అడుగుదం."

వర్షిత కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత జడ విప్పింది. తల మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి చూస్తున్న ఊగుడు అది. ఎవరూ నేర్పనక్కరలేదు. కుర్చీ కిర్రుమంది. ఆమె గొంతులోంచి ఆమెది కాని, లావుపాటి, గరుకైన గొంతు వచ్చింది. పిల్లలకు కూడా ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక్కొక్కరే చేతులు జోడించారు.

"తల్లీ, మేకను నువ్వే అడిగినవా తల్లీ?"

"నేనడిగిన్నా? నేనెప్పుడడిగిన్రా? గడ్డి తినేదాన్ని కన్నదాన్ని నేను. నాకెందుకురా మేక? మీ నాలుకలు అడిగినయి. మీ నాలుకలకు నా పేరు పెట్టుకున్నరు!"

కిటికీ బయట వాన ఆగినట్టు అనిపించింది. స్వరూప వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్ళ బడిలో మొదటిసారి ఒక పిల్ల నోట ఏ గైడులోనూ లేని జవాబు విన్నది. ఆ ఆనందంలో ఆమె చప్పట్లు కొట్టింది.

ఒక్కతే కొట్టింది. పిల్లలెవరూ కొట్టలేదు. జోడించిన చేతులు విప్పకుండా వాళ్ళు ఆమె వైపు తిరిగి చూశారు.

ఆ మాట బడి గేటు దాటడానికి సాయంత్రం దాకా కూడా ఆగలేదు. బళ్లె పోచమ్మ వచ్చిందట. మేకలొద్దన్నదట. టీచరు చప్పట్లు కొట్టిందట. గుడి పెద్ద దుర్గయ్య ఇంటి ముందు, మనవడి పేరు మీద మొక్కిన మేక కట్టేసి ఉంది. దారిన పోయే పిల్లలు దాని గడ్డం పట్టుకుని, "ఓ మేకన్నా, నిన్ను తల్లి వద్దన్నదట, ఇగ ఇంటికి పో" అన్నారు. దుర్గయ్య కర్ర తీసుకుని వెంటబడ్డాడు.

మర్నాడు పొద్దున దుర్గయ్య హెడ్మాస్టర్ గదిలో ఉన్నాడు. హెడ్మాస్టర్ ప్రభాకర్ ఆయనకు చాయ్ తెప్పించాడు. చెడ్డవాడు కాదు ప్రభాకర్. భయస్తుడు. భయస్తుడి మంచితనం వానాకాలపు మట్టిగోడ లాంటిది, ఎటు కూలుతుందో ఎవరూ చెప్పలేరు.

"నా మనుమడు దవాఖానల సూదులల్ల పడి ఉన్నప్పుడు మొక్కిన సారూ" అన్నాడు దుర్గయ్య. ఆ ఒక్కమాట అన్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. "ఇయ్యాల ఊరంత నన్ను చూసి నవ్వుతున్నది. నా ఇజ్జత్ పోయింది. ఆ పోరి ఐతారం నాడు గుడి ముంగట ముక్కు నేలకు రాయాలె. తప్పైంది తల్లీ అనాలె. లేకుంటే ఆ ఇంటి బోనం గుడి మెట్టు ఎక్కది. కిష్టవ్వను సిగం ఊగనియ్యం."

పిలిపిస్తే వచ్చి తలుపు దగ్గర నిలబడిన స్వరూప బల్ల ముందుకు జరిగింది. "ఆ పిల్ల కథల మనిషి లెక్క మాట్లాడింది. నేను మాట్లాడమంటె మాట్లాడింది. నన్ను అడుగుండ్రి."

"మీరన్నరా ఆ మాట? అన్నోళ్ళే రాయాలె."

"ఎనిమిదో తరగతి పిల్ల!"

"గందుకే ముక్కుతోని ఇడుస్తున్నం."

ప్రభాకర్ గ్లాసు కింద పెట్టి సర్దుబాటు గొంతుతో అన్నాడు. "చిన్నపిల్లనే కద మేడం. ఒక్క నిమిషం పని. దులుపుకుంటే పోయే మట్టి. మనకెందుకు చెప్పుండ్రి పరేషాని?"

అదే రోజు కుర్చీ హెడ్మాస్టర్ గదిలోకి పోయింది. గ్రంథాలయం పీరియడ్ లెక్కలకు పోయింది. నేల మీది గీతను ఎవరో తడిగుడ్డతో తుడిపించారు. సుద్ద పోయినా, ఎండాక దాని తెల్లని జాడ మిగిలింది.

దులుపుకుంటే పోయే మట్టి. బస్సులో తిరిగి వస్తూ స్వరూప ఆ మాటను పళ్ళ మధ్య పెట్టుకుని నమిలింది. ఆ మట్టి సంగతి ఆమెకు తెలుసు.

ఆమె ఏడో తరగతిలో ఉండగా, బడికి ఒక పెద్ద అధికారి వచ్చాడు. ఏదో ప్రశ్న అడిగితే తరగతంతా గణగణమని జవాబు చెప్పింది. ఆయన మురిసిపోయి, ముందు వరసలో ఉన్న స్వరూపను, "ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నవమ్మా?" అని అడిగాడు. "నిన్న మాపటికి బట్టీ పట్టిచ్చిన్రు సారు. మీరు గిదే అడుగుతరని చెప్పిన్రు" అంది ఆమె. అధికారి నవ్వుకుంటూ పోయాడు. నవ్వని వాళ్ళు బడిలో మిగిలారు. పిల్ల అందరి ముందూ ముక్కు నేలకు రాస్తే సరి, లేకపోతే పేరు కొట్టేస్తామన్నారు. ఆమె బాపు సిద్దిపేట మార్కెట్లో హమాలీ. బస్తాలు మోసే మనిషి. పిలిపిస్తే పని మధ్యలోనే వచ్చాడు, భుజం మీది గోనె కూడా తియ్యకుండా. "పిల్లది సారు, దానికేం తెల్వది. నేను రాస్త" అన్నాడు. వడ్ల బస్తా ఎత్తినా వంగని నడుము ఆ రోజు వంగింది.

ఇంటిదాకా బాపు ముక్కు మీద ఎర్రమట్టి అలాగే ఉంది. ఆయన తుడుచుకోలేదు. మరిచిపోయాడో, తుడుచుకుంటే అది నిజంగా జరిగినట్టు ఒప్పుకోవాల్సి వస్తుందనుకున్నాడో. దారిలో ఎదురైనవాళ్ళు చూశారు. ఆమె వెనకాల నడుస్తూ ఆయన మెడనే చూసింది. తర్వాత ఆయన పోయేదాకా ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. స్వరూప కోపానికి పుట్టిన ఊరు అదే.

ఆదివారం, బోనాల నాడు, ఆమె బస్సెక్కింది. ఎవరూ పిలవలేదు. గుడి ఊరి చివర, సున్నం వేసిన చిన్న గది. ముందు వేపచెట్టు, వానకు మెత్తబడిన నేల. డప్పులు మోగి ఆగాయి. నెత్తి మీద బోనాలతో ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. కుండల మీది దీపాలు గాలికి ఒరిగిపోయి మళ్ళీ లేస్తున్నాయి. దుర్గయ్య మొక్కిన మేక, మెడలో బంతిపూల దండతో, ఆ దండనే మెడ తిప్పి తినడానికి చూస్తోంది. గుడి మెట్టు మీద కిష్టవ్వ కూర్చుని ఉంది, ముఖమంతా పసుపు, చేతిలో వేపకొమ్మ. బడిలో సంగతి తెలిసిననాటి నుంచి ఆమె మనవరాలితో మాట్లాడలేదని వివేక్ తల్లి అంజమ్మ స్వరూప చెవిలో చెప్పింది. "బువ్వ గూడ దూరంకెల్లి జరుపుతున్నదట టీచరమ్మా."

వర్షితను ముందుకు తెచ్చారు. పిల్ల జడ గట్టిగా అల్లి ఉంది, ఒక్క వెంట్రుక కూడా జారకుండా.

"రాయి" అన్నాడు దుర్గయ్య.

పిల్ల కదలలేదు. ఏడవనూ లేదు. అందరి కాళ్ళ వైపు చూస్తోంది.

"ఏందే, చెవులు లేవా?"

అప్పుడు హన్మంతు గుంపులోంచి వచ్చాడు. ట్రాక్టర్ గ్రీజు మరకలు కడిగినా పోని చేతులు జోడించాడు. "పిల్లది పెద్దయ్యా. దానికేం తెల్వది. నేను రాస్త."

ఆ మాటకు స్వరూప కళ్ళ ముందు వేపచెట్టు లేదు, గుడి లేదు. ఒక మెడ ఉంది, ఒక గోనె ఉంది. ఆమె ఎప్పుడు నడిచిందో ఆమెకే తెలియదు. హన్మంతు మోకాలు నేలను తాకేలోపల ఆయన భుజం పట్టి లేపింది.

"లే! లే అన్నా, లే! నువ్వు రాసినవనుకో, ఆ మట్టి నీ ముక్కు మీద ఉండది. దాని కండ్లల్ల ఉంటది. సచ్చేదాక ఉంటది. కడిగినా పోదు. లే!"

దుర్గయ్య కర్ర నేలకు కొట్టాడు. "టీచరమ్మా, గిది బడి గాదు. గుడి."

"తెలుసు. అందుకే అడుగుతున్న. ఆ పిల్ల ఏం తప్పు చేసింది? కుర్చీల కూసోని కథల మనిషి లెక్క మాట్లాడింది. కుర్చీల అన్న మాట కుర్చీది. లేచినంక అడుగొద్దు. గిదే మా బడి కట్టుబాటు."

ఎవరో కిసుక్కున నవ్వారు. "కుర్చీ మాట్లాడ్తదా? బడి కట్టుబాట్లు బళ్లె పెట్టుకో టీచరమ్మా."

దుర్గయ్యకు ఆ నవ్వు బలమిచ్చింది. గొంతు పెంచాడు. "కుర్చీలనో, మంచం మీదనో, యాడ కూసోని అంటేంది? నోరు ఎవలిది? నోరు ఎవలిదో జవాబు వాళ్ళదే! మీదికి ఎవలొచ్చినా సరే, మాట అన్న నోరే ముక్కు రాయాలె!"

"గట్లనా దుర్గయ్యా?"

ఆ గొంతు మెట్టు మీది నుంచి వచ్చింది. కిష్టవ్వ లేచి నిలబడింది. పసుపు ముఖంలో కళ్ళు రెండు నిప్పుకణికల్లా ఉన్నాయి. సిగం కాదది. ఉత్త కోపం.

"మళ్ళ అను. మీదికి ఎవలొచ్చినా, మాట అన్న నోరే ముక్కు రాయాలెనా?"

దుర్గయ్య కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"మరి పోయినేడు నా నోట తల్లి ఏమన్నది? నా గుడి జాగల నీ కంచె ఎందుకురా అన్నది. ఊరందరి ముంగట అన్నది. నువ్వు తెల్లారి కంచె పీకినవ్. అన్న నోరు గిదే. దీంతోని గూడ రాపిస్తవా?"

గుంపులో ఒక కదలిక. బోనాలెత్తిన ఆడవాళ్ళు నెత్తులు కదపకుండా కళ్ళు మాత్రం తిప్పి ఒకరినొకరు చూసుకున్నారు. ఆ కంచె సంగతి ఎవరూ మరిచిపోలేదు. దుర్గయ్య అసలే మరిచిపోలేదు. ఏడాదిగా ఆ మాట ఆయన లోపల ముల్లులా తిరుగుతోందని, ఈ పిల్లను చూడగానే ఆ ముల్లుకు ఒక దారి దొరికిందని అక్కడున్న ముసలివాళ్ళకు అప్పుడు తెలిసింది.

"అది అమ్మ మాట కిష్టవ్వా" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "నీదెట్లయితది?"

"ఆఁ. గందుకే, సిగం దిగినంక అడుగరు. నా అత్తనాడు అడుగలే. నా నాడు అడుగలే. ఇయ్యాల దీని ముక్కు రాపిస్తే, రేపు నా ముక్కు. ఎల్లుండి ఈ ఊళ్ళె ఎవల నోటికన్న తల్లి వస్తదా? ఎట్లొస్తది? ముక్కుకు భయపడి నోరు మూసుకుంటది!"

"ఇది బడిల ఆడిన ఆట. సిగం గాదు."

"ఆటనే! దొంగ సిగం. నాకెరుక గాదా?" కిష్టవ్వ మనవరాలి వైపు తిరిగింది. వర్షిత అప్పటిదాకా బిగబట్టి ఉన్న పెదవి అదిరింది. "పత్తీ ఏడు నేను వారం ఒక్కపొద్దుండి, ఒళ్ళు కాల్చుకోని నిలబడితే వచ్చే తల్లిని, ఇది జడ ఇప్పి తెచ్చింది. దీని సంగతి ఇంట్ల నేను చూస్కుంట. ఇయ్యాల్టి సంది నా పసుపు బుట్ట ముట్టనియ్య. కానీ ముక్కు నేలకు రాసేది లేదు. దానిదీ లేదు, దాన్ని కన్నోనిదీ లేదు. ఎవల మొక్కు వాళ్ళు తీర్సుకోని పోండ్రి!"

స్వరూప ఏదో అనబోయింది. కిష్టవ్వ వేపకొమ్మ ఆమె వైపు తిరిగింది.

"నువ్వు ఊకో టీచరమ్మా. నువ్వు చప్పట్లు కొట్టినవట. సిగానికి ఎవలన్న చప్పట్లు కొడ్తరా?"

జీవితమంతా కోపంతో ఎదుటివాళ్ళ నోళ్ళు మూయించిన మనిషి ముందు, ఆమె కోపానికి సరితూగే కోపం మొదటిసారి నిలబడింది. అది ఆమె కోపం కంటే పాతది. బడిలో అయితే స్వరూప కారణం దొరికేదాకా గీత మీద నిలబడేది.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. దుర్గయ్య మేక మొక్కు తీరింది. కూర ఊరంతా పంచారు. తిన్నవాళ్ళు తిన్నారు. తల్లి నిజంగా ఏమన్నదో ఆ రోజు ఎవరూ అడగలేదు. కిష్టవ్వ ఊగింది గానీ, ఆ ఏడు తల్లి వానల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

సోమవారం పొద్దున స్వరూప తిన్నగా హెడ్మాస్టర్ గదిలోకి పోయింది. కుర్చీ మీద ఉన్న ఫైళ్ళు తీసి బల్ల మీద పెట్టింది.

"మేడం, ఆ పీరియడ్ లెక్కలకు ఇచ్చిన" అన్నాడు ప్రభాకర్.

"లెక్కలు ఎక్కడికీ పోవు సార్. రేపు చెప్పించుండ్రి."

"మళ్ళ దుర్గయ్య వస్తే?"

"ఈసారి చాయ్ నేను పోస్త. మీరు చెప్పిన ఒక్క నిమిషం పని ఎంత పొడుగుంటదో కూసోబెట్టి చెప్త."

కుర్చీని తానే ఎత్తుకుని వరండా పొడుగునా నడిచింది. దాని విరిగిన చెయ్యి ఆమె మోచేతికి గీరుకుంది. తరగతిలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే బల్లలు గోడలకు జరిపి ఉంచారు. ఆమె కుర్చీని మధ్యలో వేసింది. ఎవరూ లేవలేదు.

"నేను కూసోను టీచర్" అంది వర్షిత, ఎవరూ అడగకుండానే. "మా నాయినమ్మ ఇంకా మాట్లాడతలేదు."

స్వరూప తల ఊపింది. కాసేపు ఖాళీ కుర్చీని చూస్తూ నిలబడింది. కోపంగా ఉంది ఆమెకు. దుర్గయ్య మీద, ప్రభాకర్ మీద, బాపు చేత మట్టి ముట్టించిన ఆ పాత బడి మీద. ఆ వరసలో చివరికి వచ్చి నిలబడిన మనిషిని చూసింది. వెనక గోడకు ఆనుకుని, మురిసిపోతూ చప్పట్లు కొడుతున్న మనిషి.

చీర కుచ్చెళ్ళు సర్దుకుని ఆమె కుర్చీలో కూర్చుంది.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇప్పుడు మీరెవలు టీచర్? బాలవ్వనా?" అని అడిగాడు వివేక్.

"కాదు. స్వరూప టీచర్‌నే. అడుగుండ్రి."

"మరి లేచినంక అడుగొద్దా?"

"అది మీకు పెట్టిన కట్టుబాటు. టీచర్లకు లేదు. లేచినంక గూడ అడుగుండ్రి."

కిటికీలోంచి తడిచేల వాసన వచ్చింది. గీత పాత జాడ మీద వెలుతురు పడి మెరిసింది. తర్వాత, తలుపు వైపు చివర నుంచి, గట్టిగా అల్లిన జడతో ఉన్న పిల్ల చెయ్యి ఎత్తింది.

"చప్పట్లు ఎందుకు కొట్టిన్రు టీచర్?"

స్వరూప నోరు తెరిచింది. అలవాటుగా వచ్చే జవాబు ఒకటి నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఎందుకంటే" అని మొదలుపెట్టింది.